దారి హక్కు

పాతబస్తీలోని మా వీధి రెండు ఆటోలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సాగేంత వెడల్పు మాత్రమే. ఇంటి నుండి మస్జిదుకు నడక పది నిమిషాలు. అయినా కుమారుడు కారు కొన్న నాటి నుండి జుమా నమాజుకు మేము కారులోనే వెళ్ళసాగాము. ఒకనాడు ఎండను, మరొకనాడు మోకాళ్ళ నొప్పిని సాకుగా చూపాము. నిజానికి ఆ రెండింటికంటే బలమైనది అలవాటు.

ఒక శుక్రవారం ఫర్జ్ నమాజు ముగిసిన వెంటనే మైకులో ఒక కారు నంబరు వినిపించింది. అది మాదే. వడివడిగా బయటకు వచ్చి చూడగా, నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళుతున్న ఆటో మా కారు వెనుక నిలిచిపోయి ఉంది. ఆమె తల్లి మమ్మల్ని నిందించలేదు. "మౌలానా, కాస్త తొందరగా తీయండి" అని మాత్రమే అన్నది. అల్లాహ్ దయవలన తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నారు. కానీ ఆ మాట మమ్మల్ని నేటికీ వదలలేదు.

అంతకు ముందు వారమే మద్రసాలో పిల్లలకు దారి హక్కును గురించిన హదీసు బోధించాము. దారిలో కూర్చోక తప్పనివారు బాటసారులకు హాని కలిగించరాదని చెప్పాము. ముళ్ళను, రాళ్ళను ఉదాహరణలుగా చూపాము. మా కారు మాత్రం మాకు గుర్తు రాలేదు.

నేడు నగరాలలో తెలివైన సిగ్నళ్ళు వస్తున్నాయి. కెమెరాలు, సెన్సార్లు వాహనాలను గమనించి, రద్దీ ఉన్న వైపు పచ్చదీపాన్ని ఎక్కువసేపు నిలుపుతాయి. మేలే. అయితే అవి ఉన్న దారిని సక్రమంగా పంచగలవే గాని, లేని దారిని పుట్టించలేవు. ఒక బస్సులో పట్టే యాభై మంది తలకొక కారు తీస్తే ఏ సిగ్నలు మాత్రం ఏమి చేయగలదు?

హైదరాబాదులో మెట్రో రైలు 2017లో మొదలైంది. 2020లో జేబీఎస్ నుండి వచ్చిన మార్గం ఎంజీబీఎస్ వద్ద ఆగింది. చార్మినారుకు రాదలచినవారు అక్కడ దిగి ఆటోనో, బస్సునో వెతుక్కోవలసి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం లభించింది. మా ఇంటి స్త్రీలు ఇప్పుడు పుట్టింటికైనా, ఆసుపత్రికైనా మగవారి బండి కోసం ఎదురుచూడడం లేదు. బస్సులు కిక్కిరిసి ఉంటున్న మాట నిజమే. మరిన్ని బస్సులు, నడవదగిన కాలిబాటలు కావాలని అడగవలసిన బాధ్యత మనదే.

వృద్ధులకు, రోగులకు వాహనం తప్పదు. వారిని ఎవరూ తప్పుపట్టరు. శక్తి ఉన్నవారు నడవాలి, దూరం నుండి వచ్చేవారు ఒకే బండిలో కలిసి రావాలి, నిలిపిన బండి పక్కన ఒక ఆటో పోయేంత దారి వదలాలి. మస్జిదు కమిటీలు జుమా రోజున ఇద్దరు యువకులను గుమ్మం వద్ద నిలిపితే ఇది కష్టమేమీ కాదు.

ఇప్పుడు మేము పావుగంట ముందే బయలుదేరుతున్నాము. మోకాళ్ళు నొప్పెడితే పాలకొట్టు అరుగు మీద కాసేపు కూర్చుంటాము. కారులో పోయిన రోజులలో కనబడని పొరుగువారు ఇప్పుడు సలాము చెబుతున్నారు, మంచం పట్టినవారి కబురు తెలుస్తున్నది. ఆ గర్భిణి తల్లి కూడా ఒకనాడు గుమ్మంలో మనవడిని ఎత్తుకుని కనిపించింది. సలాము చెప్పి, ఆ పసివాడికి దుఆ చేసి ముందుకు నడిచాము.

మన వలన ఎవరి దారీ మూసుకుపోకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక. ఆమీన్.