పూర్ణబిందువు – అంకెసున్న

దిల్‌సుఖ్‌నగర్‌లో నివసించి కీర్తిశేషులైన ఒక భాషోపాధ్యాయుల గ్రంథసంచయాన్ని వారి కుటుంబం ఒక గ్రంథాలయానికి సమర్పింప సంకల్పించి, పట్టికను పరిష్కరించే పనిని నాకు అప్పగించింది. ఎల్.బి. నగర్‌లోని ఒక టైపింగు కేంద్రంలో సిద్ధమైన పట్టిక అది. స్వీకరించేవారికి పట్టికయే ప్రమాణం; అందులో దొరకని పుస్తకం లేనట్లే లెక్క. "ఆంధ్ర" అని వెదకితే కంప్యూటరు ఒక్క గ్రంథమూ లేదన్నది. బీరువాలో మాత్రం వరుసగా ఉన్నవి.

తెలుగు పూర్ణబిందువు, తెలుగు అంకెసున్న కంటికి ఒక్కటే. యూనికోడులో మొదటిది 0సి02 స్థానంలోను, రెండవది 0సి66 స్థానంలోను ఉన్నవి. టైపు చేసినవారు బిందువుకు బదులు అంకెను వేశారు. అరసున్నను విడిచిపెట్టిన మనవారు నిండుసున్నకు ఇంత ఆపద రాగలదని ఊహించి ఉండరు.

ఇట్టివానిని ఏరుటకు నా పూర్వవిద్యార్థి ఒకరు 'రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్' అనే సాధనం చూపారు. 1956లో ప్రకటితమైన స్టీఫెన్ క్లీనీ గణితవ్యాసం దీనికి మూలం. 1968లో కెన్ థాంప్సన్ దీనిని వాచకశోధనకు అన్వయించాడు. ఇది అక్షరక్రమపు రూపాన్ని చెప్పే సూత్రం. "తెలుగు అక్షరానికి గాని గుణింతపు గుర్తుకు గాని వెంటనే అంకెసున్న వస్తే చూపుము" అన్నంతనే ఆ దోషాలు వరుసకట్టి నిలిచినవి. పదాదిని గుణింతపు గుర్తు రాదనీ, పొల్లు వెంట అది రాదనీ మరి రెండు సూత్రాలు చేర్చాము.

ఒక హల్లుకు రెండు గుణింతపు గుర్తులు కూడవన్న సూత్రం మాత్రం చిక్కు తెచ్చింది. ఐత్వాన్ని యూనికోడు ఏకసంకేతంగాను, ఎత్వం–క్రిందిగుర్తు అనే రెండు సంకేతాలుగాను కూడ అంగీకరిస్తుంది. అందుచేత నిర్దుష్టమైన "కైవల్యం" దోషిగా నిలబడింది. అపవాదం ఎరుగని ఉత్సర్గం ఇట్లే శాసిస్తుంది. ముందు ఐత్వాలన్నిటిని ఏకరూపం చేసి, పిదప సూత్రాన్ని నడిపాము.

దోషాన్ని పట్టుట వేరు, రానీయకుండుట వేరు. అవే సూత్రాలను డేటాబేసు ద్వారంలో 'చెక్' నిబంధనగా నిలిపితే అపరూపం లోనికే రాదు. (మై ఎస్‌క్యూఎల్ 2019 నాటి 8.0.16 కూర్పుకు పూర్వం ఈ నిబంధనను చదివి ఊరకుండేది!)

పిన్‌కోడు గడికి ఆరంకెలుండాలనీ, మొదటిది సున్న కారాదనీ పెట్టాము. అయినను దిల్‌సుఖ్‌నగర్ 500060కు బదులు ఎల్.బి. నగర్ 500074 వేస్తే సూత్రం సంతోషంగా ఒప్పుకొంటుంది. రూపశుద్ధి వరకే దాని అధికారం. గ్రంథకర్తల పేర్లు తారుమారైనచోట బీరువా తెరచి చూడవలసి వచ్చింది. ముఖపత్రాలు చినిగిన కొన్ని పుస్తకాలకు ఆ గడులను ఖాళీగానే ఉంచాము.