నూనె మెరుపు

జూలూరుపాడు ఎండ మనుషులకే కాదు, వాహనాలకు కూడా వయసు తెస్తుంది. మా ఇల్లు కొత్తగూడెం వెళ్ళే రోడ్డుకు సమీపంలో ఉంది. ముంగిట వేపచెట్టు ఉన్నా, మధ్యాహ్నానికి దాని నీడ అవతలి గోడ మీదికి జరిగిపోతుంది. ఏళ్ళ తరబడి అక్కడే నిలిచిన మా మారుతి 800 కారు రేకు రంగు బాగానే ఉంది గాని, నల్ల ప్లాస్టిక్ బంపర్లు, తలుపుల పట్టీలు, అద్దాల తొడుగులు బూడిద పూసినట్లు తెల్లబారాయి.

గత వేసవిలో దానిని అమ్మాలని నిశ్చయించాము. అమ్మాయిని ఖమ్మంలో నర్సింగ్ చదువులో చేర్చవలసి ఉంది. రుసుము గడువు దగ్గరపడింది. మొదట చూడవచ్చిన వ్యక్తి బంపరు మీద చెయ్యి వేసి, "బండి ముసలిదయిపోయింది" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నా మనసులో ముల్లులా నాటుకుంది.

ఈ భాగాలు సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. నలుపు కోసం, కొంతవరకు ఎండ నుండి రక్షణ కోసం కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసిని అందులో కలుపుతారు. అయినా అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏళ్ళ తరబడి పైపొరను క్షీణింపజేస్తాయి. కంటికి ఆనని పగుళ్ళు ఏర్పడతాయి. వాటిపై పడిన వెలుతురు నలుదిక్కులా చెదరడం వల్ల ప్లాస్టిక్ తెల్లగా కనిపిస్తుంది. నూనె ఆ పగుళ్ళను నింపితే నలుపు తిరిగి వస్తుంది. తడిసిన నల్లరాయి మరింత నల్లగా కనిపించడం కూడా ఇటువంటిదే.

ఒక ఆదివారం పని మొదలుపెట్టాను. గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళతో, పాత పళ్ళ బ్రష్షుతో గీతల్లో ఇరుక్కున్న మట్టినంతా వదిలించాను. కడగకుండా నూనె రాస్తే ఆ మట్టే ముద్దకడుతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మెత్తని నూలుగుడ్డతో కొబ్బరినూనె పలుచగా పట్టించాను. పావుగంట తరువాత పొడిగుడ్డతో తుడిచాను. మిగిలిన నూనెను తుడవకపోతే దుమ్ము పట్టేస్తుంది. వాసెలిన్ కూడా పనికివస్తుంది. బూటు పాలిష్ మాత్రం బట్టలకు అంటుకుంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది కనుక ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీళ్ళలో తడిపి, విప్పి, ఆరుబయట పరచి ఆరబెట్టాలి. స్టీరింగు, పెడళ్ళు, టైర్లు, ముందు అద్దం, వీటికి ఏ నూనె కూడా తగలరాదు.

సాయంత్రానికి కారు కళకళలాడింది. అప్పుడొక సంగతి గమనించాను. వెనుక బంపరు ఎడమవైపున జానెడు చీలిక ఉంది. ఒకప్పుడు గేటు దిమ్మెకు తగిలితే లోపలి నుండి జిగురు పెట్టి అతికించాను. తెల్లబారిన ప్లాస్టిక్ మీద అది నల్లని గీతలా కనిపించేది. ఇప్పుడు వెతికితే గాని కనబడదు. నాకు సంతోషమే కలిగింది.

అరుగు మీద కూర్చున్న అబ్బాజాన్ అంతా చూస్తూనే ఉన్నారు. "బేటా, నూనె బండికి రాశావా, కొనేవాడి కళ్ళకు రాశావా?" అన్నారు.

"మెరుగు పెట్టాను, అంతే కదా!" అన్నాను.

బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, అడుగున తడిని కనుగొన్న దైవప్రవక్త (స) ఉదంతాన్ని ఆయన గుర్తు చేశారు. వానకు తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి ప్రశ్నించారు గదా! అబ్బాజాన్ ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వస్తువును శుభ్రపరచి అమ్మడంలో తప్పు లేదు. కాని ఆ నూనె చాటున చీలికను దాచి అమ్మితే, అది మసిపూసి మారేడుకాయ చేయడమే అవుతుంది.

మరునాడు పక్క ఊరి మిర్చి రైతు వచ్చాడు. "సాయిబు గారూ, బండి నిగనిగలాడుతోంది!" అన్నాడు. నేను సబ్బుగుడ్డతో ఆ మూల తుడిచి, చీలికను చూపించాను. ఈ నలుపు నాలుగు వానలు కురిస్తే పోతుందని కూడా చెప్పాను. అతడు చాలాసేపు ఆలోచించి, చెప్పిన ధరలో మూడు వేలు తగ్గించాడు. తక్కువపడిన ఆ సొమ్మును నా అర్ధాంగి కోడిగుడ్లు అమ్మి కూడబెట్టిన డబ్బులో నుండి తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నాకు బరువుగా తోచింది.

వానలు పడ్డాక ఆ రైతు ఫోను చేశాడు. గుండె ఝల్లుమంది. "మీరన్నట్టే నలుపు పోయింది. ఆ నూనె ఎట్లా రాశారో ఇంకోసారి చెప్పండి" అన్నాడు నవ్వుతూ.

సబ్బునీళ్ళ దగ్గర నుండి మొదలుపెట్టి వివరంగా చెప్పాను. అరుగు మీద నుండి అబ్బాజాన్ గొంతు వినిపించింది: "నూనె తక్కువ వాడమని చెప్పు, బేటా!"