యూరోకే ఇల్లు... అసలు ఖర్చు ఆ తర్వాతే!

ఒక్క యూరోకి ఏమొస్తుంది? సిసిలీ దీవిలోని సంబూకా ఊళ్లో అయితే ఏకంగా ఇల్లే వచ్చింది! 2019లో అక్కడి పురపాలక సంఘం 16 పాత ఇళ్లను ఒక్క యూరో ప్రారంభ ధరకి వేలానికి పెట్టింది.

అరబ్బుల కాలంనాటి ఇరుకు సందులూ రాతి గోడలతో కొండమీద ముచ్చటగా ఉంటుందా ఊరు. కానీ కుర్రకారు ఉద్యోగాలకోసం వెళ్లిపోతుంటే ఇళ్లు పాడుబడ్డాయి. వాటికి మళ్లీ దీపం పెట్టేవాళ్లకోసమే ఈ బేరం.

అయితే అప్పుడు షరతులూ పెట్టారు. ఐదువేల యూరోల డిపాజిట్‌ కట్టాలన్నారు. కనీసం 15 వేల యూరోలతో మూడేళ్లలో ఇల్లు బాగుచేయించాలన్నారు. పని పూర్తయితేనే డిపాజిట్‌ వెనక్కి ఇస్తామన్నారు. హాలీవుడ్‌ నటి లొరైన్‌ బ్రాకో యూరోకి కొన్న ఇంటికి నీళ్లు లేవు, కరెంటు లేదు, పైకప్పూ పూర్తిగా లేదు!

2021లో రెండు యూరోలు, 2024లో మూడు... వేలం ధర అలా పెరిగింది. అయినా చూడాల్సింది ఆ అంకె కాదు, మేస్త్రీ చెప్పే లెక్క. 'ఇల్లు కట్టి చూడు' అన్న మన పెద్దల మాట పాతింటికీ వర్తిస్తుంది మరి!