అబ్బా చౌఖట్, అమ్మీ గడప, నా ఔజార్

అమ్మీ చేతి ప్లాస్టర్ తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. రాత్రిపూట బాత్రూం గడప కాలికి తగిలి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు తీయించడానికి వెళ్తే, అక్కడి అబ్బాయి బ్లేడున్న మిషన్ చేత్తో పట్టుకుని వచ్చాడు. అది గుర్రుమనగానే అమ్మీ చేయి వెనక్కి లాక్కుంది. "యా అల్లా, కట్టుతో పాటు చేయి కూడా కోస్తాడేమో" అంది. అబ్బాయి నవ్వి, నడుస్తున్న బ్లేడును తన అరచేతికి ఆనించి చూపించాడు. ఏమీ కాలేదు. "ఇది గిర్రున తిరగదమ్మా. అటూఇటూ వణుకుతుంది, అంతే" అన్నాడు.

ఆ మాట నా దిమాగ్‌లో ఉండిపోయింది. ఎందుకంటే ఇంట్లో ఆ గడప ఇంకా అలాగే ఉంది.

నల్గొండలో మా ఇల్లు అబ్బా కట్టించింది. కట్టించింది అనడం కన్నా, సగం ఆయన చేతుల్తోనే కట్టుకున్నది అనాలి. అబ్బా వడ్రంగి. ఊళ్లో అందరి ఇళ్లకూ తలుపులు చేసి, చివరికి మన ఇంటికి చేశారు. ఆరు దర్వాజాలు, ఆరు చౌఖట్లు. అన్నీ సాగువాన్ చెక్కే. బాత్రూం చౌఖట్‌కి నీళ్లు బయటికి రాకుండా రెండంగుళాల ఎత్తు గడప పెట్టారు. అప్పుడు అమ్మీ వయసు నలభై లోపే. ఇప్పుడు డెబ్భై దాటింది. వాకర్ పట్టుకుని నడుస్తోంది. అబ్బా ఇంతికాల్ అయి పదకొండేళ్లు.

ఊళ్లో ఒక కార్పెంటర్‌ని పిలిచాను. "చౌఖట్ మొత్తం లేపాలి భాయ్. గోడ పగులుతుంది, టైల్స్ పోతాయి. వారం పని" అన్నాడు. ఇంకొకతను గ్రైండర్‌కి చెక్క కోసే బ్లేడు తగిలించి కోస్తానన్నాడు. వద్దన్నాను. గ్రైండర్ చెక్కలో ఇరుక్కుంటే వెనక్కి ఎగిరి మనిషి మీదికి వస్తుంది. మామూలు రంపం మూలలో ఆడదు. ఉలి పెట్టి కొడితే పక్కనున్న టైల్స్ కదులుతాయి.

అమ్మీ మాట ఒకటే. "నక్కో బేటా. మీ అబ్బా చేతి పని. నేనే చూసుకుని నడుస్తాలే." తహజ్జుద్‌కి లేచి, మసక వెలుతురులో వుజూకి వెళ్లేది ఆ గడప దాటే. నాకూ కోయాలంటే చేయి రాలేదు. ఫోన్లో ఆపా అడిగింది: "నువ్వు కాపాడేది గడపనా, అమ్మీనా?" జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రే ఆస్పత్రిలో చూసిన మిషన్ గురించి చదివాను. అలాంటి ప్లాస్టర్ రంపాన్ని 1940లలో అమెరికాలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టర్ తయారుచేశాడట. జర్మనీలోని ఫైన్ కంపెనీ 1967లో తన ప్లాస్టర్ రంపం తెచ్చింది. తర్వాత అదే హునర్ చెక్కకూ, మేకుకూ, టైల్స్ సందులకూ పనికొచ్చేలా మార్చారు. దాన్నే ఇప్పుడు ఆసిలేటింగ్ మల్టీ టూల్ అంటున్నారు. బ్లేడు గుండ్రంగా తిరగదు. సుమారు మూడు డిగ్రీల మేర అటూఇటూ ఊగుతుంది. కానీ ఆ ఊగడం నిమిషానికి ఇరవై వేల సార్ల దాకా ఉంటుంది. గట్టి వస్తువు కదలదు కాబట్టి తెగుతుంది. మెత్తని చర్మం బ్లేడుతో పాటే కదులుతుంది కాబట్టి ఆస్పత్రి బ్లేడుకు తెగలేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇంటి మిషన్‌కి వాడే చెక్క బ్లేడు పళ్లు పదునుగా ఉంటాయి, వేలు తెగుతుంది. ఆ అబ్బాయి చేసిన తమాషా మీరు చేయకండి.

మిషన్ కొనే ముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో దానితో ఏం పనులున్నాయో రాసుకున్నాను. గడప కోయాలి. బాత్రూం టైల్స్ మధ్య నల్లబడిన సిమెంటు గీకి కొత్తది నింపాలి. వంటింటి సింక్ చుట్టూ పాత సిలికాన్ తీయాలి. అల్మారా వెనక ప్లైవుడ్‌లో సాకెట్ కోసం చదరపు రంధ్రం చేయాలి. తుప్పు పట్టి తిరగని బోల్టు ఒకటుంది, అది కోయాలి. మొత్తం అయిదు పనులు. అయిదింటిలోనూ ఒక పోలిక ఉంది. చుట్టూ ఉన్నదాన్ని కదపకుండా, మధ్యలోంచి కొంచెమే తీయాలి. ఈ ఔజార్ ఉన్నది దానికే. మీ కాగితం మీద పొడవాటి ప్లైవుడ్ షీట్లు కోయడం, గోడకు రంధ్రాలు వేయడం, గోడ కొట్టడం ఉంటే ఇది కొనకండి. వాటికి వేరే మిషన్లున్నాయి. ఇది అన్నీ చేస్తుందని డబ్బా మీద రాస్తారు. చేస్తుంది, కానీ పొడవాటి కోత దీనితో పెడితే మన సబర్ తెగిపోతుంది.

కాగితం జేబులో పెట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లాను. దుకాణంలో పెద్దాయన ముందు బ్యాటరీ మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. పద్దెనిమిది వోల్టులు, రెండు బ్యాటరీలు, సూట్‌కేస్ లాంటి డబ్బా. చేతిలోకి తీసుకుంటే షౌక్ పుట్టింది, అబద్ధమెందుకు. ఆయనే అడిగాడు: "సాల్‌లో ఎన్నిసార్లు వాడతారు భాయ్?" కాగితం చూపించాను. చదివి, బ్యాటరీ డబ్బా మూసేశాడు. "మీకు వైర్‌దే చాలు" అన్నాడు. అమ్ముకునేవాడు అలా అనడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆయన చెప్పింది, నేను తర్వాత అనుభవంతో తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. ఏడాదికి నాలుగైదు సార్లు వాడే ఇంటికి వైర్ మిషన్ చాలు. బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. మీ ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ డ్రిల్ ఉంటే సంగతి వేరు. అదే కంపెనీలో, అదే బ్యాటరీ పట్టే మిషన్‌ని బ్యాటరీ లేకుండా విడిగా కొనుక్కోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. వైర్‌దైతే రెండు వందలు, మూడు వందల వాట్లది ఇంటి పనికి సరిపోతుంది.

వేగం తగ్గించి పెంచే చక్రం తప్పకుండా ఉండాలి. చెక్కకు వేగం కావాలి. ఇనుముకు తగ్గించాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. ప్లాస్టిక్‌కి తగ్గించకపోతే కోసిన చోటే కరిగి మళ్లీ అతుక్కుంటుంది. కొనే ముందు దుకాణంలోనే ఆన్ చేయించి రెండు నిమిషాలు చేతిలో పట్టుకోండి. చేయి తిమ్మిరెక్కితే ఆ మిషన్ మీది కాదు. ఊగే కోణం ఎక్కువైతే త్వరగా కోస్తుంది, మంచి పట్టు లేని మిషన్ అయితే చేతిని కూడా అంతే ఊపేస్తుంది.

అసలు సంగతి బ్లేడు తగిలించే చోట ఉంది. కొన్నిటికి అలెన్ కీతో స్క్రూ విప్పాలి, కొన్నిటికి మీట లాగితే చాలు. బాష్, ఫైన్ కలిసి తెచ్చిన స్టార్‌లాక్ అనే పద్ధతిలో బ్లేడు నక్షత్రంలా లోపలికి కూర్చుని గట్టిగా పట్టుకుంటుంది. పట్టు బాగుంటుంది, కానీ ఆ మిషన్‌కి బజారులో దొరికే మామూలు చవక బ్లేడ్లు పట్టవు. అందుకే మిషన్ ధర అడగకముందే, దానికి పట్టే బ్లేడ్లు మీ ఊళ్లో దొరుకుతాయా అని అడగండి. నేను స్క్రూతో బిగించే మామూలు రకమే తీసుకున్నాను. నల్గొండలో దాని బ్లేడ్లు దొరకడమే నాకు ముఖ్యం.

జేబులో ఉన్నదంతా మిషన్‌కే పెట్టేయకండి. మూడో వంతు బ్లేడ్లకు ఉంచుకోండి. ఎందుకంటే కోసేది మిషన్ కాదు, బ్లేడు. మామూలు ఉక్కు బ్లేడు ఒట్టి చెక్కకే. రెండు లోహాలు కలిపి చేసిన బైమెటల్ బ్లేడు చెక్కలో మేకు తగిలినా తట్టుకుంటుంది. గట్టి స్క్రూలకూ బోల్టులకూ కార్బైడ్ పళ్లది. టైల్స్ సందులకు పళ్లు లేకుండా గరుకుగా ఉండే కార్బైడ్ బ్లేడు. సిలికాన్‌కి కత్తిలాంటి గీకుడు రేకు. ముప్ఫై ముక్కల సెట్ చవగ్గా వస్తుందని తీసుకుంటే, అందులో ఇరవై మీకు ఎప్పటికీ జరూరత్ పడనివే ఉంటాయి.

ఇంత తెలిసి కూడా మొదటి రోజే తప్పు చేశాను. సెట్‌తో వచ్చిన మామూలు చెక్క బ్లేడు తగిలించి గడప మొదలుపెట్టాను. వెన్నలా దిగుతోంది. ఉన్నట్టుండి కర్‌ర్‌మని కూత. తీసి చూస్తే బ్లేడుకు పళ్లే లేవు. లోపల మేకు! మంచం మీద కూర్చుని చూస్తున్న అమ్మీ అడిగింది: "మక్నాతీస్ పెట్టి చూశావా? మీ అబ్బా పాత చెక్క కోసే ముందు ఎప్పుడూ మక్నాతీస్ తిప్పేవారు." అబ్బా పెట్టె తెరిచాను. ఉలుల కింద, గుడ్డలో చుట్టి, నల్లటి అయస్కాంతం ముక్క ఉంది. గడప మీద తిప్పితే మూడు చోట్ల అంటుకుంది. ఆ మూడు చోట్ల పెన్సిల్‌తో గీతలు గీసి, బైమెటల్ బ్లేడు తగిలించాను.

చౌఖట్ నిలువు చెక్కలు గోడలోకి ఇనప పట్టీలతో పట్టి ఉన్నాయని ముందే చూసుకున్నాను. అవి గట్టిగా ఉంటేనే గడప తీసినా దర్వాజా కదలదు. బ్లేడు ఒకవైపు నుంచి అంగుళంన్నర కన్నా ఎక్కువ లోపలికి వెళ్లదు. అందుకని రెండు వైపుల నుంచీ కోసి మధ్యలో కలిపాను. నొక్కి పట్టలేదు. నొక్కితే ఊగడం ఆగి చెక్క మాడుతుంది. కొంచెం కొంచెంగా అటూఇటూ జరుపుతూ పోవాలి. కళ్లజోడు, మాస్క్ పెట్టుకున్నాను. బ్లేడు మార్చిన ప్రతిసారీ ప్లగ్ తీశాను. పాత రంగును మాత్రం కాగితంతో రుద్దలేదు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్‌లోనే అమల్లోకి వచ్చింది. అబ్బా వేయించిన రంగు అంతకంటే చాలా పాతది. దాన్ని పొడి చేసి పిల్లలున్న ఇంట్లో ఎగరేయకూడదు.

రెండో వైపు కోత సగంలో ఉండగా బ్లేడు ఒక్కసారిగా లోపలికి జారింది. చెక్క గట్టిదనమే లేదు. రెండు చివరలూ తెగాక గడపను పైకి లేపితే, కింది సగం చేతిలో పొడిలా రాలింది. ఏళ్ల తరబడి బాత్రూం నీళ్లు తాగి పుచ్చిపోయింది. పైన నున్నగా, మెరుస్తూ సాగువాన్, కింద మట్టి. మేం ఇన్నాళ్లూ అబ్బా నిషానీ అని దాచుకున్నది అది.

అమ్మీ వైపు చూడటానికి భయపడ్డాను. ఆమె వాకర్ పట్టుకుని వచ్చి, వంగి ఆ పొడిని వేలితో నలిపి చూసింది. "మీ అబ్బా ఉంటే నన్ను తిట్టేవారు. పుచ్చిన చెక్కని ఇన్నాళ్లు ఎందుకుంచావని" అంది. తర్వాత నిలువు చౌఖట్ మీద చేయి వేసి, "ఇది బాగుంది కదా? ఇది ముట్టుకోకు" అంది. అది ముట్టుకోకుండా ఉండేందుకే కదా ఆ మిషన్ కొన్నది.

సిమెంటు పని నేను చేయలేదు. మేస్త్రీని పిలిచాను. గడప ఉన్నప్పుడు నీళ్లను అది ఆపేది. ఇప్పుడు నేల వాలు ఆపాలి. ఆ లెక్క ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఒక్కరోజులో నేల కలిపి, బాత్రూం లోపలికి వాలు ఇచ్చాడు. తలుపు కింద మిగిలిన ఖాళీకి ప్లాస్టిక్ పట్టీ వేశాం. కొత్త ఔజార్ వచ్చింది కదా అని కారీగర్ పనంతా మనమే చేయబోతే, ఔజార్ బద్నామ్ అవుతుంది, మనమూ అవుతాం.

ఇప్పుడు ఫజర్‌కి ముందు అమ్మీ వాకర్ టక్ టక్ చప్పుడు వినిపిస్తుంది. ఇదివరకు గడప దగ్గర అది ఆగేది. ఆ ఆగినప్పుడల్లా నా గుండె కూడా ఆగేది. ఇప్పుడు ఆగకుండా లోపలికి వెళ్తుంది.

మొన్న పక్కింటి ఖాలా వచ్చి, "బేటా, మా గడప కూడా ఒకసారి చూస్తావా?" అని అడిగారు. ఆవిడ మోకాళ్లూ బాగా లేవు. ఇన్షా అల్లా, వచ్చే జుమ్మా తర్వాత వస్తానన్నాను. మిషన్ డబ్బాలో ఉంది. అబ్బా మక్నాతీస్ మాత్రం ఇప్పుడే తీసి జేబులో వేసుకున్నాను.