దొడ్డబళ్ళాపురంలో ఎర్రల ఎరువు

మన పత్రికలో అందరూ తిరుపతి, ధర్మస్థల పోయొచ్చిన సంగతులు రాస్తా ఉంటారు. నేను పోయేది మా అక్క వాళ్ళ ఊరికి, అదీ ఎరువు చూడడానికి. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే మన్నించాల.

బెంగళూరు నుంచి హిందూపురం దిక్కు పోయే రైలెక్కితే యలహంక దాటినాక దొడ్డబళ్ళాపురం వస్తుంది. పేటలోకి నడిస్తే ఇండ్లలో నుంచే పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు. ముప్పై ఒక్క ఏండ్లు మిల్లులో పనిచేసి నాకు ఒక చెవి సరిగ్గా వినపడదు, అయినా ఆ టకటక మాత్రం వినపడుతుంది. చీరలు నేసేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు శానామంది ఉండారు. ఊరు దాటి ఘాటి సుబ్రహ్మణ్యం దోవ పడితే ఎర్రనేల, రాగి చేలు, ద్రాక్ష తోటలు, నీలగిరి చెట్లు. మధ్యమధ్యలో లేఅవుట్ల రాళ్ళు. ఆ రాళ్ళు ఏటేటికీ మా అక్క చేను దగ్గరికి జరుగుతా ఉండాయి.

అక్కకు రెండెకరాలు. ఒక ఎకరం రాగి, ఒక ఎకరం మొక్కజొన్న. రెండేండ్ల కిందట డిసెంబరులో పోయినప్పుడు బావ మొక్కజొన్న సొప్పకు నిప్పు పెట్టినాడు. రాగి గడ్డి ఆవుకు మేత, దాన్ని ఎవరూ కాల్చరు. జొన్న సొప్పలో లేతది ఆవు తింటుంది, మోటుది మిగిలిపోతుంది. దాన్ని కాలిస్తే పొగ. కార్డింగ్‌లో దూది దుమ్ము తిన్న రొమ్ము నాది. ఆ రాత్రంతా దగ్గుతా కూర్చున్నాను. అక్క వేణ్ణీళ్ళు కాచిచ్చి ఏడ్చింది. బావ తలుపు దగ్గర నిలబడి "ఇంకేం చేయాలప్పా దాన్ని?" అన్నాడు.

నాకు ఒకటే తోచింది. మిల్లులో ఊడ్చిన దూదికి కూడా తూకం ఉంటుంది. ఏ వేస్టు ఎంత అని సూపర్‌వైజరు రాసుకుంటాడు. కొంత మళ్ళీ మిషన్లోకి పోతుంది, కొంత బేళ్ళు కట్టి అమ్ముతారు. ఇక్కడ బావ బండ్లకు బండ్లు కాల్చేసి, మళ్ళీ అప్పు చేసి యూరియా మూటలు తెస్తా ఉండాడు. నేల చూస్తే వానపడి ఎండినాక ఇటుక మాదిరి గట్టిపడుతుంది. అదే నెలలో మా అల్లుడు "మామా, బ్రోకరు మంచి రేటు చెప్తా ఉండాడు, అమ్మేద్దామా" అని నన్ను పక్కకు పిల్చి అడిగినాడు. వాడి తప్పు కాదు. చేను వాడికి ఏమిచ్చింది?

మార్చిలో నా పి.ఎఫ్. డబ్బులో కొంత తీసి రెండు కిలోల ఎర్రలు కొన్నాను. ఎర్రలంటే వానపాములే, కన్నడంలో ఎరెహుళు అంటారు. ఇటుకలతో పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు తొట్టి కట్టి, సొప్ప, అప్పుడే తీసిన పచ్చిపేడ నింపి, అదే దినం ఎర్రల్ని వదిలినాను. మిల్లు మనిషిని కదా, షిఫ్టు మొదలైతే సరుకు రావాల అనే బుద్ధి. తెల్లారి చూస్తే ఎర్రలు గోడలెక్కి బయట బండల మీద ఎండిపోయినాయి. మిగిలినవాటికి చీమలు. అల్లుడు నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది.

నవంబరులో యలహంక దగ్గర జి.కె.వి.కె.లో కృషి మేళా జరిగితే పోయినాను. అది వ్యవసాయ విశ్వవిద్యాలయం. అక్కడే రాధా కాలే అనే శాస్త్రవేత్త ఈ ఎర్రల మీద పరిశోధన చేసినారు. స్టాలు దగ్గర ఒక పిల్లను అడిగితే ఒకటే మాట చెప్పింది: "పచ్చి పేడ కాగుతుంది తాతా. నీ చెయ్యి లోపల పెట్టు. చేతికి వేడి తగిలితే ఎర్రకు అది పొయ్యి." అంతే. ఇంత చిన్న సంగతికి నా రెండు కిలోలు పోయినాయి.

ఈసారి సొప్పను కత్తితో జానెడు ముక్కలు చేసి, పేడనీళ్ళు కలిపి, నీడలో కుప్ప వేసి మూడు వారాలు వదిలేసినాము. మధ్యలో రెండుసార్లు తిరగేసినాము. కుప్ప చల్లారినాకే తొట్టిలో వేసి, ఎర్రల్ని వదిలి, తడిపిన గోనెపట్ట కప్పినాము. పైన కొబ్బరాకుల పందిరి. చుట్టూ చిన్న కాలవ తీసి నీళ్ళు పెడితే చీమలు రావు. తడి ఎంత ఉండాలంటే, పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాల, కారకూడదు. నీలగిరి ఆకు, ఊరగాయ పారేసింది, పుల్లటి తొక్కలు వేయకూడదు. అక్క కోళ్ళను కట్టేయడమే కష్టమైంది. వాటికి ఎర్రలంటే పండగ.

రెండు నెలలకు పైన టీ పొడి మాదిరి నల్లగా వచ్చింది. వాసన లేదు, చేతికి అంటలేదు. నాలుగు దినాలు నీళ్ళు ఆపి ఎరువును కుప్పగా పోస్తే ఎర్రలు అడుక్కు దిగుతాయి. పైది జల్లించి తీసుకోవచ్చు. వంద కిలోలు వేస్తే సగం కూడా రాదు, ఇది ముందే తెలుసుకోవాల. ఎకరానికి కనీసం ఒక టన్ను కావాల, మా ఒక్క తొట్టి ఏమూలకు? కాబట్టి బావ ఎరువంగడి మానేసినాడని నేను చెప్పను. రాగి చేనులో పావు భాగానికే చల్లినాము. మొన్న ఆగస్టులో పది దినాలు వాన లేనప్పుడు మిగతా పైరు మధ్యాహ్నానికే వాడిపోతా ఉంటే, ఆ పావు భాగం నిలబడింది. వేళ్ళతో గీరితే మట్టి పొడిపొడిగా రాలింది. బావ ఒక మాట అనకుండా అక్కడే గట్టున కూర్చున్నాడు.

రసాయన ఎరువులు మానేసి సహజ సేద్యం చేసిన ఎల్. నారాయణరెడ్డి గారి తోట కూడా దొడ్డబళ్ళాపురం దగ్గరే. ఆయన 2019 జనవరిలో పోయినారు. ఆయన ఉన్నప్పుడు నేను ఇరవై సార్లు ఈ దోవన పోయి ఉంటాను, ఒక్కసారి కూడా దిగలేదు.

వచ్చేటప్పుడు ఘాటికి పోయి దండం పెట్టుకున్నాను. అక్కడ చెట్ల కింద వరసగా నాగప్రతిష్ఠ రాళ్ళు, జనం పాలు పోస్తా ఉండారు. పేరులో పాము ఉన్న ఎర్రకు మాత్రం ఎవరూ ఏమీ పోయరు, తొక్కుకుంటా పోతారు. నేనూ అట్లే తొక్కినవాడినే.

రెండో తొట్టి పెట్టాలంటే పేడ చాలదు, ఇంట్లో ఉండేది ఒక్క ఆవే. డిసెంబరులో ఘాటి పశువుల జాతరలో ఇంకొక ఆవును చూస్తానన్నాడు బావ. అల్లుడు బ్రోకరుకు జాతర అయినాక రమ్మని చెప్పినాడంట. అక్క మాత్రం రెండో తొట్టికి ఇటుకలు దింపించింది.