గడియారం చూడని ఉదయం

అమ్మ చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపడిన ఆ తెల్లవారుజామున నేను పక్క గదిలోనే పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. అయిదున్నర అయ్యుంటుంది. "కుడిచెయ్యి తిమ్మిరెక్కిందే, ఏం లేదులే" అంది. మాట కాస్త ముద్దగా వచ్చింది. నిద్రమత్తు అనుకున్నాను. ఎడంచేత్తోనే నాన్నకు కాఫీ కలిపిచ్చి పడుకుంది. పదకొండింటికి లేపబోతే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి మొదలైంది?" మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. నాళం చిట్లి వచ్చినదైతే ఆ మందు ఇవ్వకూడదు. ఏదన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. అమ్మది గడ్డే. కానీ మేం వెళ్ళేసరికి ఏడు గంటలు గడిచిపోయాయి.

అమ్మకు పన్నెండేళ్ళుగా బీపీ. తలనొప్పి వస్తేనే మాత్ర వేసుకునేది. "ఒంట్లో బాగున్నప్పుడు మందెందుకు, డబ్బు దండగ" అనేది. బీపీ ఎంత పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదని మాకెవరికీ తట్టలేదు. నాన్న షుగరు మాత్రలు కంచం పక్కన పెట్టడం మాత్రం ఆవిడ ఒక్కనాడూ మరవలేదు.

స్త్రీల శరీరం గురించి ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాశాను. మా అమ్మ బీపీ ఎంతుందో మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆవిడ ఓర్పుని విమర్శిస్తూనే దాని నీడలో హాయిగా బతికాను.

నా సంగతీ అంతే. కాన్పప్పుడు బీపీ పెరిగి, గుర్రపువాతం వస్తుందేమోనని అందరూ భయపడ్డారు. బిడ్డ క్షేమంగా పుట్టగానే ఆ మాటే మరిచిపోయాం. గర్భంతో అలా బీపీ పెరిగిన ఆడవాళ్ళకి తర్వాతి జీవితంలో పక్షవాతం ముప్పు ఎక్కువని ఆనాడు నాకెవరూ చెప్పలేదు. అమ్మ మంచం పక్కన నర్సు నాకూ పట్టీ కట్టి చూస్తే 160/100. నాకూ ఏ బాధా లేదు మరి!

ఇప్పుడు ఇద్దరం రాత్రి భోజనాలయ్యాక ఎదురెదురుగా కూర్చుని మాత్రలు వేసుకుంటాం. అమ్మ ఎడంచేత్తో తింటుంది. మాట సగమే వస్తుంది. చూడవచ్చిన ఆడవాళ్ళకి ఆ సగం మాటతోనే చెబుతుంది: "మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పడుకోకండే. టైము చూసుకుని 108కి ఫోన్ చెయ్యండి."

కాఫీ ఎవరైనా కలుపుకుంటారు.