హెడ్డు గీసిన ఫియట్

తిరువూరు దగ్గర నెమలి అంటే అందరికీ వేణుగోపాలస్వామి గుడే. మాకైతే బెజవాడ ఆటోనగర్ నుంచి చిచ్చా తోలుకొచ్చిన ఫియట్ కూడా. కాగితాల మీద ప్రీమియర్ పద్మినే, మా నోట మాత్రం ఫియటే.

1983లో మారుతీ 800 వచ్చినా, షోలవరం పాత రన్‌వే మీద పందేలు చూసొచ్చిన షావుకార్ల కొడుకులు ఈ 1089 సీసీ ఇంజన్నే విప్పించేవాళ్లు. చిచ్చా హెడ్డు గీయించి కంప్రెషన్ పెంచేవాడు, జంట కార్బురేటర్లు బిగించేవాడు, స్ప్రింగులు కురచ చేసేవాడు. లెక్కలు ఉర్దూలో, తిట్లు తెలుగులో!

చిచ్చా వేసిన బ్రేకులను నమ్మి వందకు పైన తోలిన ఆసామే, 1992 డిసెంబరు తర్వాత షెడ్డుకొచ్చి అడిగాడు: "ఇంతకీ మీరెటు, సాయిబూ?"

మేం తలలు దించుకున్నాం. చిచ్చా బానెట్ ఎత్తి, "ఇంజను కాలిపోతోందయ్యా. చల్లారాకే టాపెట్లు చూడాలి. కూర్చోండి" అన్నాడు.

ఆయన కూర్చోలేదు.